తడి తలల లెక్క

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఏప్రిల్ చివరి శనివారం, మా ఊరి సరస్సులో జరిగే డ్రాగన్ బోట్ పందేలకు ఎప్పటిలాగే నన్ను చీఫ్ సేఫ్టీ ఆఫీసర్‌గా వేశారు. మా ఊరు నార్త్ కరొలైనాలో, క్యారీకి ముప్పావుగంట డ్రైవ్. అక్కడి పార్కుల శాఖలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. మొదట స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్ గార్డుని, తర్వాత లైఫ్ గార్డులకు శిక్షణ ఇచ్చే మనిషిని, చివరికి ఊళ్లో నీళ్లున్న ప్రతిచోటికీ జవాబు చెప్పవలసిన అధికారిని. మన ఆడవాళ్లకి ఈ ఉద్యోగం ఏమిటని చర్చిలో అడిగినవాళ్లున్నారు. బందరు కాలువ గట్టున పెరిగినదానికి ఈత రావడంలో వింతేముందని నేను అడిగేదాన్ని.

డ్రాగన్ బోట్ చూడనివారికి రెండు మాటలు చెప్పాలి. అది నలభై అడుగుల పైచిలుకు పొడవున్న సన్నటి పడవ. వరసకి ఇద్దరు చొప్పున పది వరసల్లో ఇరవైమంది తెడ్లు వేస్తారు. ముందు ఒక డ్రమ్మర్ వాళ్లవైపు తిరిగి కూర్చుని లయ కొడతాడు. వెనక ఒకరు నిలబడి చుక్కాని తెడ్డు పడతారు. మొత్తం ఇరవైరెండు మంది. పొడవుకి తగ్గ వెడల్పు లేని పడవ కాబట్టి నలుగురు లేచి నిలబడితే చాలు, తిరగబడుతుంది.

అందుకే నిబంధనలు. ఉదయం భద్రతా పాఠం విననివారు పడవెక్కకూడదు. ఈత వచ్చినా రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకోవాలి. కొన్నిచోట్ల ఈతగాళ్లకు మినహాయింపు ఇస్తారు. నేను ఎవరికీ ఇవ్వలేదు, దానిమీద ఏటా ఫిర్యాదులు వచ్చేవి. పక్కన కూర్చున్న మనిషికి నువ్వు జవాబుదారీ, నీకు ఆ మనిషి. పడవ తిరగబడితే దాన్ని వదలకూడదు. ముందు జంట మనిషిని వెతుక్కోవాలి, తర్వాతే మిగతావి. జట్టులో ఎవరినైనా మార్చాలంటే పందేనికి అరగంట ముందు రేవులో మా శాఖ బల్ల దగ్గర కాగితం ఇవ్వాలి, మారేవాళ్లు కూడా ఉదయం పాఠం విని ఉండాలి. చెప్పకుండా మారిస్తే జట్టు మొత్తం పోటీ నుంచి అవుట్.

ఇంకొకటి కూడా ఉంది. పందెం మొదలుపెట్టేది రేస్ డైరెక్టర్. ఆపే అధికారం సేఫ్టీ ఆఫీసర్‌ది. ప్రతి పందెం అయ్యాక నేను రేడియోలో ‘కోర్స్ క్లియర్’, అంటే నీళ్లలో ఎవరూ మిగల్లేదు, అనాలి. ఆ రెండు మాటలు వినేదాకా రక్షక పడవలు అక్కడినుంచి వెళ్లిపోకూడదు, తర్వాతి పందెం మొదలుకాకూడదు. ఈ అధికారం కాగితం మీద ఎన్నో ఏళ్లుగా ఉంది. నిజంగా ఉందా లేదా అన్నది వాడిన రోజునే తెలుస్తుంది.

ఆ రోజు పాల్గొన్న జట్లలో క్యారీ నుంచి వచ్చిన తెలుగు చర్చి జట్టు ఒకటి. నేను వెళ్లే చర్చే. సగంమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, సగంమంది ఎం.ఎస్. చదివే పిల్లలు. కెప్టెన్ ప్రభాకర్ ప్రాజెక్ట్ మేనేజర్, ఆదివారాలు పాటల బృందాన్ని నడిపిస్తాడు. ఆయన నన్ను సిస్టర్ అంటాడు, పిల్లలు ఆంటీ అంటారు. ఇక్కడ నేను ఎవరికీ ఆంటీని కానని ఉదయమే చెప్పాను. “ఓకే ఆంటీ” అన్నారు.

మొదటి పందెంలో బాగా చేశారు. మధ్యాహ్నం సెమీ ఫైనల్లో ఇంకా బాగా చేసి, రెండో స్థానంలో గీత దాటారు. ఫైనల్‌కు వెళ్లినట్టే. ఆ సంతోషంలో ముందు వరసలవాళ్లు లేచి నిలబడి ఒకరినొకరు కౌగిలించుకున్నారు. చుక్కాని పట్టినవాడు కూర్చోమని అరుస్తూనే ఉన్నాడు. పక్కనుంచి వెళ్తున్న ఇంకో పడవ లేపిన అల వచ్చి తగిలింది. తెడ్లతో సహా అందరూ నీళ్లలో పడ్డారు.

పైన ఎండ, నీళ్లు మాత్రం ఇంకా శీతాకాలంవే. ఏప్రిల్లో గాలిని చూసి నీటిని నమ్మకూడదని మేం మొదటి పాఠంలోనే చెబుతాం. రెండు రక్షక పడవలు వెంటనే వెళ్లి, రెండేసి విడతల్లో అందరినీ రేవుకు చేర్చాయి. నియమం ప్రకారం చుక్కాని మనిషి నీళ్లలోనే వరస అంకెలు చెప్పించబోయాడు. ఏడు దాటాక కేకల్లో, లౌడ్‌స్పీకర్ పాటల్లో ఏదీ వినపడలేదట. బోర్లాపడ్డ పడవ గాలికి అవతలి ఒడ్డున ఉన్న రెల్లు వైపు కొట్టుకుపోతోంది.

రేవు మీద దుప్పట్లు కప్పించి, జాబితా చేతిలోకి తీసుకుని పేర్లు పిలిచాను. ఒక్కొక్కరూ “ప్రెజెంట్” అన్నారు. వంశీ అని పిలిచాను. “ప్రెజెంట్” అని వినపడింది. ఇరవైరెండు పేర్లకీ టిక్కు పడింది.

నా పక్కన నిలబడ్డ రేస్ డైరెక్టర్ టామ్ ఊపిరి పీల్చుకున్నాడు. సాయంత్రానికి ఉరుములు వస్తాయని సూచన ఉంది. ఉరుము వినపడితే అరగంట ఆపాలి. ఈలోగా ఫైనల్ ముగించాలని ఆయన తొందర. లిస్ట్ పూర్తయింది కదా, క్లియర్ చెప్పెయ్ అన్నాడు.

నేను చెప్పలేదు. కాకినాడలో బి.యస్సీ. చదివినదాన్ని. క్లాసుకి రాని స్నేహితుడి పేరుకి తాను పలకడాన్ని మన కాలేజీల్లో ప్రాక్సీ అంటారు. అది నేనూ చేశాను, నాకోసం చేసినవాళ్లూ ఉన్నారు. అలా పలికేవాడు తల దించుకుంటాడు, గొంతు కొంచెం బొంగురు చేస్తాడు. వంశీ పేరుకి వచ్చిన జవాబు అలాగే వచ్చింది. నాలుగు పేర్ల ముందు కిరణ్ అన్న పేరుకి పలికిన గొంతే అది. టామ్ ముప్పై ఏళ్లుగా నీళ్ల మీద పనిచేస్తున్నాడు, అయినా ఈ విద్య ఆయనకు తెలిసే అవకాశం లేదు.

జాబితా మూసేసి తలలు లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై ఒకటే.

కిరణ్‌ని ముందుకి రమ్మన్నాను. వణుకుతూ వచ్చాడు.

“వంశీ ఎక్కడ?”

“కార్ దగ్గరికి వెళ్లాడు ఆంటీ, బట్టలు చేంజ్ చేసుకోడానికి. అందుకే నేను చెప్పాను. ప్రామిస్ ఆంటీ, వాడు సేఫ్.”

“నీళ్లలోంచి రావడం నువ్వు చూశావా?”

అప్పుడే పార్కింగ్ వైపు నుంచి వంశీ నడుచుకుంటూ వచ్చాడు, చేతిలో కాఫీ కప్పుతో. రేవు మీద అందరూ నవ్వేశారు. టామ్ కూడా నవ్వి నా భుజం తట్టాడు. ఇరవైరెండు, ఇప్పుడు చెప్పు అన్నాడు. ఆ క్షణంలో నాకూ నవ్వు వచ్చిందని ఒప్పుకుంటాను. రేడియో నోటిదాకా తెచ్చాను.

వంశీ జుట్టు పొడిగా ఉంది. దువ్వుకుని ఉంది. బూట్లు పొడిగా ఉన్నాయి. బట్టలు మార్చుకున్నవాడికి పొడి బట్టలుంటాయి కానీ, పది నిమిషాల్లో పొడి జుట్టు రాదు.

“బాబూ, నువ్వు పడవెక్కావా?” అని అడిగాను.

అతను నా వైపు చూడలేదు, ప్రభాకర్ వైపు చూశాడు. ప్రభాకర్ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “సిస్టర్, అది తర్వాత మాట్లాడుకుందాం. మన పిల్లలు. ఫైనల్‌కి వచ్చారు” అన్నాడు.

“నీ సీట్లో ఎవరు కూర్చున్నారు?” నేను వంశీనే అడిగాను.

“దీప్తి, ఆంటీ. ఫస్ట్ రేస్‌లో నాకు షోల్డర్ పట్టేసింది. ఊరికే చూడ్డానికి వచ్చింది తను. సీట్ ఖాళీ ఉంటే బ్యాలెన్స్ ఉండదని ఎక్కించారు.”

దీప్తి జనవరిలో వచ్చి ఎం.ఎస్.లో చేరిన అమ్మాయి. ఉదయం పాఠం వినలేదు, ఏ కాగితం మీదా పేరు లేదు. నేను ఆ జాబితాని సాయంత్రం దాకా పిలిచినా ఆ పేరు పిలిచేదాన్ని కాదు. కిరణ్ ఆమె జంట మనిషి. ఎర్ర జాకెట్ వేసుకున్న అమ్మాయి మొదటి పడవలో ఎక్కడం చూశాడట, దీప్తే అనుకున్నాడట. ఆ రోజు అందరివీ ఎర్ర జాకెట్లే.

నేను రేడియోలో ఒక మనిషి తక్కువ అన్నాను. రెండు పడవలూ బోర్లాపడ్డ పడవ అవతలి వైపుకి వెళ్లాలని, పాటలు ఆపాలని చెప్పాను. టామ్ మైకు చేత్తో మూసి, జనం కంగారుపడతారు అన్నాడు. పడనీ అన్నాను. క్లియర్ ఆయనే చెప్పదలిస్తే రేడియో ఇదిగో, ఆయన పేరు మీద చెప్పమని చెయ్యి చాపాను. ఆయన తీసుకోలేదు. దానికి ఆయన్ని ఈనాటికీ గౌరవిస్తాను.

పాటలు ఆగాక రెల్లు వైపు నుంచి పడవ అడుగు మీద ఏదో కొట్టిన చప్పుడు మాకు వినపడింది. దీప్తి పడవకీ రెల్లుకీ మధ్య, పడవ అంచు పట్టుకుని ఉంది. ఎక్కేముందు కిరణ్ ఆమెకి చెప్పిన భద్రతా పాఠం మొత్తం ఒకటే వాక్యం, ఏం జరిగినా బోట్ వదలొద్దని. అందరూ ఇటువైపు నుంచి రక్షక పడవలెక్కేస్తుంటే ఆమె అటువైపు ఆ ఒక్క వాక్యాన్నీ పట్టుకుని ఉంది. నీళ్లు మింగడంతో అరవడానికి గొంతు లేదు. లైఫ్ జాకెట్ కింది పట్టీ పెట్టుకోలేదు కాబట్టి అది గడ్డం దాకా లేచిపోయింది, అయినా ముఖాన్ని నీటిపైన ఉంచింది. తెచ్చేసరికి వేళ్లు ముడుచుకుపోయి తెరుచుకోవడం లేదు. ఇంకెంతసేపు పట్టుకుని ఉండేదో చెప్పలేను. పడవలను పంపేసి ఉంటే తెలిసేది.

జట్టుని పోటీ నుంచి తీసేశాను. ఫైనల్ ఆలస్యమైంది, సగంలో ఉరుము వచ్చి రద్దయింది. ఆ సాయంత్రం నాతో మాట్లాడినవాళ్లు తక్కువ.

అసలు ఒత్తిడి మర్నాడు మొదలైంది. ప్రమాదం జరిగితే సేఫ్టీ ఆఫీసర్ మూడు రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అందులో ‘అందరి లెక్క సరిపోయింది’ అని ఒక్క వాక్యం రాస్తే చాలని టామ్ సలహా. అబద్ధం కూడా కాదు, చివరికి సరిపోయింది కదా అన్నాడు. చర్చిలో ప్రార్థన అయ్యాక ప్రభాకర్, పాస్టర్ గారు నన్ను వంటగది పక్కకి పిలిచారు. ప్రభాకర్ కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రి నిద్రపోయినట్టు లేదు. “సిస్టర్, తప్పు నాదే. నా పేరు రాయండి. కానీ దీప్తి ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద ఉంది. గవర్నమెంట్ రిపోర్ట్‌లో నేమ్ వస్తే రేపు స్టేటస్‌కి ప్రాబ్లమ్ అవ్వచ్చు. తన పేరొక్కటి లేకుండా చూడండి” అన్నాడు.

పార్కుల శాఖ నివేదికకీ వీసాకీ సంబంధం లేదు. ఆ మాటే చెప్పాను. కానీ భయానికి సంబంధంతో పనిలేదు, కాగితం అంటేనే మనవాళ్లకి భయం. పాస్టర్ గారు పెద్దమనసు చేసుకోమన్నారు. నాకు కోపం వచ్చింది. దాచుకోలేదు.

“కాగితం మీద పేరు లేకపోవడం వల్లే కదండీ ఆ పిల్ల నీళ్లలో మిగిలిపోయింది. రెండోసారి కూడా నేనే తీసెయ్యాలా?” అన్నాను.

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అని ఎవరో వెనకనుంచి అన్నారు. కాదు, నాలుగూ లెక్కపెట్టాను కాబట్టే ఈ గొడవ అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం దీప్తి స్వయంగా ఆఫీసుకి వచ్చింది. చేతులకి కట్లు ఉన్నాయి. ఈమె కూడా అదే అడుగుతుందేమోనని సిద్ధమై కూర్చున్నాను. “ఆంటీ, రిపోర్ట్‌లో నా ఫుల్ నేమ్ రాయండి. ఆ రోజు లిస్ట్‌లో నేను లేను గదా. ఏదో ఒక దాంట్లో ఉండాలె” అంది. ఆమెది నల్గొండ. పేరు తనే నా కాగితం మీద రాసిచ్చింది, వేళ్లు సరిగా వంగక అక్షరాలు పెద్దపెద్దగా వచ్చాయి.

నివేదిక రాశాను. మొదటి వాక్యం మా శాఖ తప్పు గురించే. ఎక్కించే బల్ల దగ్గర మావాళ్లు తలలు ఇరవైరెండు ఉన్నాయో లేదో చూశారు, ఏ తల ఎవరిదో చూడలేదు. పద్ధతి తయారు చేసింది నేను కాబట్టి కింద నా పేరు రాశాను. తర్వాత ప్రాక్సీ గురించి రాశాను, ఆ మాటకి ఇంగ్లీషులో ఒక పేరా వివరణ అవసరమైంది. పందేల కార్యక్రమాన్ని అనవసరంగా ఆలస్యం చేశానని నాకో మెమో వచ్చింది. జవాబు ఇవ్వమన్నారు. ‘అవసరంగా’ అని దిద్ది తిరిగి పంపాను.

మరుసటి ఏడు పద్ధతి మార్చాను. పడవెక్కే ప్రతి మనిషీ తన ఫొటో ఉన్న బిళ్లని తన చేత్తోనే బోర్డు మీద మేకుకి తగిలించాలి, దిగాక తనే వచ్చి తీసుకోవాలి. ఒకరి బిళ్ల ఇంకొకరికి ఇవ్వం. మేకుకి ఒక్క బిళ్ల మిగిలినా కోర్స్ క్లియర్ లేదు. బడిపిల్లల్లా ఇదేమిటని జట్లు సణిగాయి. ప్రభాకర్ జట్టు సణగలేదు. ఆ ఏడాది ఏడో వరసలో దీప్తి కూర్చుంది. శీతాకాలమంతా పూల్‌లో ఈత నేర్చుకుని వచ్చింది, పక్కన కిరణ్.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. పిలిస్తే పలికేది పేరు, మనిషి కాదు. జాబితా నిండినంత మాత్రాన పని అయిపోదు. తలలు లెక్కపెట్టాలి, లెక్క సరిపోయాక కూడా ఒకసారి జుట్టు తడిసి ఉందో లేదో చూడాలి. అంతవరకు పక్కన ఎవరు నిలబడి తొందరపెట్టినా రేడియోలో ఆ రెండు మాటలు అనకూడదు.