కందిపప్పు ఉడకని వేసవులు

నిన్న ఉదయం మా కోడలు పప్పులో పోస్తున్న నీళ్లు ప్లాస్టిక్ క్యానులోవని గమనించి, "వంటకు కూడా కొన్న నీళ్లేనా అమ్మా?" అని అడిగాను. "కుళాయి నీళ్లతో సరిగా ఉడకట్లేదండి మావయ్యగారూ" అన్నది, అదొక విశేషమే కానట్లు. అమలాపురంలో మేడమీద వాటాలో ఉండేవారికి నీటి రుచిని గురించి విచారించే తీరిక ఉండదు. నాకు తీరిక ఉన్నది గాని ఓపిక లేదు. పత్రిక తెరిచి కూర్చున్నానన్న మాటేగాని ఒక్క అక్షరం తలకెక్కలేదు. ముమ్మిడివరం అవతల మా పెద్దక్కయ్య వంటిల్లూ, ఆ గుమ్మంలో కూర్చుని పప్పుబద్దను వేళ్ల మధ్య పెట్టి నొక్కి చూస్తున్న అక్కయ్యా కళ్లముందు నిలిచారు.

ఆ ఊరు సముద్రానికి దగ్గర. ఎక్కడ లోతుగా తవ్వినా ఉప్పునీరే. అయినా అక్కయ్యవారి పెరటి బావిలో నీరు మాత్రం లేత బొండాం నీళ్లలా ఉండేది. ఆ తీపికి కారకులెవరని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. బావికి ఆనుకొని బావగారి వరిచేను. కాలువలకు నీరు వదిలినది మొదలు మళ్లీ వేసవిలో కట్టివేసేవరకు చేలో నిలిచిన నీరు నేలలోకి ఇంకి, అడుగున కాచుకొని ఉన్న ఉప్పును పైకి రానీయకుండా అణచి ఉంచేది. ఆ నీరు ఏటేటా నిలవాలంటే అక్కడ వరి ఉండాలి. గట్టు జారిపోకుండా కొబ్బరివేళ్లు పట్టి ఉంచాలి. మట్టి గుల్లబారడానికి వానపాములూ పీతలూ కావాలి. ఇవన్నీ బ్రతకడానికి మళ్లీ ఆ తియ్యని నీరే కావాలి. నేను తర్కం చదువుకొన్న రోజులలో, రెండు విషయాలు ఒకదానికొకటి ఆధారమై నిలిస్తే దానిని అన్యోన్యాశ్రయ దోషమన్నారు మా గురువుగారు. వాదంలో అది దోషమే కావచ్చు. ఆ చేనికి మాత్రం అదే ప్రాణం. ఈ భూగోళం తన వేడినీ గాలినీ ఉప్పునూ ప్రాణికోటితో కలిసి ఇదే విధంగా సర్దుకొంటూ వస్తున్నదని చాలాకాలం తరువాత ఎక్కడో చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. మా అక్కయ్య పెరడంత మేరకు దానిని ముందే చూసి ఉన్నాను. అది చెడడం కూడా చూశాను.

తొంభైలు మొదలైన కొత్తలో ఆ ప్రాంతానికి రొయ్యల జ్వరం పట్టుకొన్నది. మా బావగారు నెమ్మదైన మనిషే గాని, నెమ్మదైనవారికి జ్వరం రాకూడదని లేదు గదా. భీమవరం వైపునుంచి వచ్చిన ఒక కౌలుదారుకు చేను అప్పగించారు. అతడు దానిని చెరువుగా తవ్వి, ఉప్పుటేటి నుంచి ఇంజన్లతో నీరు తోడి నింపాడు. అర్ధరాత్రి కూడా ఇంజన్ల మోత ఆగేది కాదు. బావగారు మాత్రం దానిని సంగీతంలాగే విన్నారు.

రెండవ వేసవికి అక్కయ్య ఇంట పప్పు ఉడకడం మానివేసింది. ఆమె ముందుగా పప్పునే అనుమానించింది. కొట్టుకు తిప్పి పంపితే కొట్టతను స్వయంగా మరో సంచితో వచ్చి, "ఊరంతా ఇదే పప్పు తింటున్నారండి అమ్మగారూ, ఆయ్! మా ఇంట్లో వెన్నలా ఉడికిందండి" అని వాపోయాడు. ఆ సంచిలోదీ ఉడకలేదు. తరువాత నేరం పొయ్యిమీదికి పోయింది, అటునుంచి గిన్నెమీదికి, చివరకు వండే మనిషిమీదికి. "అది పప్పు కాదోయ్ బావమరిదీ, మీ అక్కయ్య మనసు. ఎంత కాచినా కరగదు" అన్నారు బావగారు. "కరిగించే చెయ్యి పడితేగా!" అన్నది లోపలినుంచి అక్కయ్య. బావినీళ్లు ఒక గుక్క తాగి, ఉప్పగా ఉన్నాయన్నాను. "అది అమలాపురం నాలుక. దానికన్నీ వంకలే" అని కొట్టిపారేశారు. ఉప్పు కొద్దికొద్దిగా పెరిగినందువల్ల రోజూ తాగేవారి నాలుకకు అది అందలేదు. అక్కయ్య మడికట్టుకొని ఆ బావినీళ్లు తోడుకొంటేనే వంట. పంచాయతీ కుళాయి నీళ్లకు వంటింటి గడప దాటే అర్హత లేదు. అందుచేత తేడా తెలిసే దారి కూడా లేకపోయింది.

ఆ వైశాఖంలోనే వారింట వ్రతం జరిగింది. విస్తళ్లు వేసి, నెయ్యి కరగబెట్టి, తీరా వడ్డిస్తే పప్పు గులకరాళ్లవలె దొర్లింది. బంధువులు ఒకరి ముఖాలొకరు చూసుకొన్నారు. పంక్తిలో కూర్చున్న కౌలుదారే మర్యాదగా, "పర్లేదండి, పులుసుతో లాగించేత్తామండి" అన్నాడు. అక్కయ్య పులుసు గిన్నె అందుకొన్నది. పెళ్లయి వచ్చిన నాటినుంచి ఆమె చేతి ముద్దపప్పుకు ఆ ఊళ్లో ఉన్న పేరు నాకు తెలుసు గనుక, తలెత్తి ఆమెను చూడలేకపోయాను.

భోజనాలయి అందరూ వెళ్లిన తరువాత కౌలుదారు అరుగుమీద తాంబూలం నములుతూ, "ఇంకో మూడేళ్లకి రాసేసుకుందామండి అయ్యగారూ" అని సంగతి కదిపాడు. బావగారు తల పంకిస్తున్నారు. కొంతసేపటికి అక్కయ్య రెండు గిన్నెలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇది బావినీళ్లలో వండేను. ఇది కుళాయినీళ్లలో. పప్పూ ఒకటే, పొయ్యీ ఒకటే, వండినదాన్నీ నేనే. తిని చెప్పండి."

రెండవ గిన్నెలోది గరిటె తగలకుండానే మెదిగిపోయి ఉన్నది. బావగారు మొదట చూసింది దానిని కాదు. "కుళాయినీళ్లు మడిలోకి తెచ్చేవా?" అన్నారు నివ్వెరపోయి.

"తెచ్చేను. మీరు సముద్రాన్ని పెరట్లోకి తెచ్చేరు కదా, నేను కుళాయి తెస్తే తప్పొచ్చిందా?"

"రొయ్యకి ఉప్పు లేందే బతుకు లేదండి మరి" అన్నాడు కౌలుదారు, ఎవరివైపూ చూడకుండా.

"మనకి ఉంటే లేదు నాయనా" అన్నది అక్కయ్య.

బావగారు సర్దిచెప్పబోయారు. "చుట్టూ చేలన్నీ చెరువులైపోతున్నాయి. మనమొక్కళ్లం మానితే ఉప్పు ఆగిపోతుందా?"

"తవ్వినప్పుడు వాళ్లనడిగి తవ్వేరా? మానడానికి వాళ్లెందుకండీ?"

ఆయన బావినీళ్ల గిన్నెలోంచి పిడికెడు తీసుకొని నోట వేసుకొని చాలాసేపు నమిలారు. మింగిన తరువాత కౌలుదారువైపు తిరిగి, "ఈ పంట పట్టుకుని వెళ్లిపోండి. మళ్లీ వద్దులెండి" అన్నారు.

ఇంతటితో కథ సుఖాంతమైతే బాగుండేది. చెరువు తవ్వడానికి కొద్దిరోజులు చాలాయి. దానిని తిరిగి చేను చేయడం అలా సాగలేదు. గట్లు కొట్టి చదును చేస్తే నేలమీద తెల్లని ఉప్పుపొర తేలింది. మొదటి ఏడు వేసిన వరి మోకాలెత్తుకు ముందే పసుపుబారి కూలబడింది. గట్టుమీద కొబ్బరిచెట్లు తలలు సన్నబడి నిలిచాయి. ఉప్పు కడిగిపోవాలని బావగారు కాలువనీరు నింపడం, మురుగుకాలువలోకి తీయడం, మళ్లీ నింపడం. పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి, పూత సమయాన దున్ని మట్టిలో కలపడం. ఏటేటా అదే పని. రొయ్యలకు మచ్చరోగం వచ్చి పక్క చెరువులు చాలావరకు ఎండిపోయాయి గాని ఒకటి రెండు సాగుతూనే ఉన్నాయి. కాస్త తగ్గిందనుకొన్న ఉప్పు ఎండ ముదిరితే మళ్లీ పైకి తన్నుకొచ్చేది. చేలోకి మొదట తిరిగి వచ్చినవి కప్పలు. తరువాత ఎప్పుడో గట్టున పీతబొరియలు కనిపించాయి. వేసవి సెలవులకు నేను వెళ్లినప్పుడల్లా ఆయన బావినీళ్లు పుక్కిలించి, "ఆయ్, తగ్గిందోయ్!" అనేవారు. ఆ మాట తగ్గిన ఏడూ అన్నారు, తగ్గని ఏడూ అన్నారు. అక్కయ్య గుప్పెడు పప్పు ఆ నీళ్లలో వేసి పొయ్యిమీద పెట్టేది. అది ఉడికేది కాదు. చివరి సంవత్సరాలలో ఆయన నడుము వంగి, చేతికర్ర లేనిదే చేనిదాకా పోలేకపోయినా ఆ గుక్కెడు నీళ్లు మాత్రం మానలేదు.

రెండువేలు దాటిన కొన్నేళ్లకు, ఒక వర్షాకాలంలో ఆయన వెళ్లిపోయారు. మరుసటి వైశాఖంలో నేను వెళితే అక్కయ్య విస్తరి వేసి పప్పు వడ్డించింది. వేలు తగిలితే చాలు, మెదిగిపోయింది. బావినీళ్లేనా అని అడిగాను. అవునన్నట్లు తలూపి, "చూసేవా, నా పళ్లన్నీ ఊడేక మెత్తబడింది" అని నవ్వబోయి నవ్వలేక, "కిందటేడు ఉడికున్నా బాగుండునురా తమ్ముడూ" అన్నది. నీరు మళ్లీ తియ్యనవడానికి పట్టిన కాలం ఆ నేల లెక్కలో ఒక్క నిట్టూర్పైనా కాదేమో; మా బావగారికి మాత్రం మిగిలిన ఆయుష్షంతా దానికే సరిపోయింది.