సారు ఇంటి బీరువా

మా చిన్నప్పుడు... లెక్కల సారు ప్రశ్న అడిగితే, ముందుగా జవాబు చెప్పినవాడికి బహుమానంగా మా చెంపలు దొరికేవి. ఎడమచేత్తో మా ముక్కు పట్టుకోవాలి, కుడిచేత్తో కొట్టాలి. మెల్లగా కొడితే సారు కొట్టినవాడినే కొట్టేవాడు.

ధరూర్ పక్కన పల్లె, ఏడో తరగతి. బహుమానం రోజూ వెంకట్రాములుకే... చెంప రోజూ నాదే.

ఒకరోజు లెక్క ఇది. పెబ్బేరు సంతలో ఒక రైతు తన కాడెద్దులు రెండూ ఇంతకు అమ్మి, అంతకు ఒక బర్రెను కొన్నాడు, మిగిలిందెంత? సారు నోరు మూయకముందే వెంకట్రాములు జవాబు చెప్పేశాడు. నేనింకా ఆ రైతు దగ్గరే ఆగిపోయాను.

"సార్, రెండెద్దులు అమ్ముకుంటే ఆయన చేను ఎట్ల దున్నుతడు?"

తరగతి గొల్లుమంది. "వెంకట్రాములూ, వీనికి ఇంకోటి ఎక్కువియ్యి. పోయి చేను దున్నొస్తడు" అన్నాడు సారు.

ఆ ఏడాదే సారు తెలివైనవాళ్లను ఏరి ఒక బ్యాచి చేశాడు. బడి విడిచాక వాళ్లు ఆయన ఇంటికి పోయేవారు. ఆ ఇంట్లో అద్దాల తలుపుల బీరువా ఒకటి ఉండేది... నిండా పుస్తకాలు. మిగతావాళ్లకు గడప దాటే భాగ్యం లేదు. నేను పని లేకపోయినా ఆ సందులో తిరిగేవాణ్ణి. వాకిట్లోంచి చూస్తే లోపల వాళ్ల వీపులు కనిపించేవి, వీపుల వెనక బీరువా మెరిసేది.

"ఏం చెప్తుండురా సారు?" అని మరునాడు వెంకట్రాములును అడిగాను.

"చెప్పినా నీకు తెల్వదు లే."

ఆ మాట అరికాల్లో ముల్లులా ఇప్పటికీ ఉంది. దాన్ని తీయడానికే చదివాను. గద్వాల గ్రంథాలయంలో, వనపర్తిలో అద్దె గదిలో, నాగర్‌కర్నూల్ బస్సుల్లో, పొట్లాలు కట్టిన కాగితాల మీద... ఏది దొరికితే అది. "ఎవరి మీద కోపంతోని చదువుతుండవు నువ్వు?" అనేది మా ఆవిడ. ఆమెకు తెలుసు.

మొన్న గద్వాలలో ఒక బడి హెడ్మిస్ట్రెస్ మేడం కబురు పంపింది. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లల్లో చురుకైనవాళ్లకు ప్రత్యేక కార్యక్రమం పెడుతున్నారట. టెలిస్కోపు, పుస్తకాల గది, పక్షులను చూడడానికి నల్లమల ప్రయాణం... దాతలు అన్నీ ఇచ్చారు. బాగా చదివిన పెద్దమనిషినని ప్రణాళికలో సాయం చేయమంది.

పోయాను. బల్ల దగ్గర పెద్ద కుర్చీలో ఎవరు? వెంకట్రాములు! పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. తలమీద జుట్టు కూడా అలాగే ఉంది... అదొక మంట.

ప్రణాళిక ముందే రాసి పెట్టుకున్నాడు. గబగబా చేసే లెక్కలతో ఒక పరీక్ష. అందులో గెలిచినవాళ్లకే టెలిస్కోపు, నల్లమల, పుస్తకాల గది. వింటుంటే, ఇంకా ఏరని ఆ పిల్లల మీదే నాకు కడుపు మండింది. పన్నెండేళ్లకే చంద్రుడి గుంటలు చూస్తారా!

ఇక ఆగలేదు. "ప్లాను తర్వాత. సారు ఇంట్ల గా బీరువల ఏం పుస్తకాలుండెరా?"

"ఏ బీరువ?" అన్నాడు. గుర్తు చేస్తే, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఒరే ఈరన్నా! మమ్ముల కూసోవెట్టి బుడ్డలు ఒలిపిచ్చేటోడురా సారు! విత్తనం బుడ్డలు. పప్పు పలగొద్దు, పొర ఊడొద్దు. వేళ్లు పుండ్లయ్యేటివి. బీరువకు తాళముండె. మేమెన్నడు తెరువలె."

చదువు పేరుతో వేరుశనగ ఒలిపించాడన్నమాట!

"మరి నన్నెందుకు పిలువలె?" అన్నాను. నిజంగానే అడిగాను.

"నిన్ను పిలిస్తే, గీ బుడ్డలు ఎవరి చేన్లకు పోతయి సార్ అని అడుగుతవని!"

మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. బుడ్డలే కావచ్చు... వాళ్లు ఆ గడప దాటారు. నేను దాటలేదు.

"నవ్వింది చాలు. టెలిస్కోపు నీ గెలిచినోళ్లకే ఇచ్చుకో. పుస్తకాల గదికి పరీక్షేంది? అందర్ని రానియ్యి."

"పుస్తకాలు పోతయిరా."

"పోతే చదువనీకే గదా పోయేది!"

"కావలి ఎవరు కూసుంటరు?"

"నేను కూసుంట."

మేడం సరేనంది. పరీక్షలో ఆఖరి ప్రశ్న కూడా నాకే ఇవ్వమన్నాను. పెబ్బేరు సంత లెక్క పెడతాను... జవాబు అక్కర్లేదు, అది చదివాక నీకు ఏం అడగాలనిపించిందో రాయాలి.

"గట్లయితే మార్కులెట్ల ఏస్తవు?" అని మూతి విరిచాడు వెంకట్రాములు.

"నువ్వెయ్యకు. నేనేస్త."

ఇప్పుడు ఆ గది తలుపు దగ్గర కుర్చీ నాది. పరీక్ష గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ తోసుకుంటూ లోపలికి పోతారు. చంకనిండా పుస్తకాలు వేసుకుని, నన్ను చూడకుండానే పరుగెత్తుతారు. ఎవరూ ఏమీ అడగకుండానే వాళ్లకు ఇన్ని దొరికాయి... చూస్తే నాకు మంటే.

నిన్న సాయంత్రం వెంకట్రాములు వచ్చాడు. గడప అవతలే చెప్పులు విడిచి నిలబడ్డాడు. "రావాల్నారా లోపలికి?" అన్నాడు.

వాడి ముక్కు వైపు చూశాను. నా ఎడమచేయి సగం దాకా లేచింది కూడా... మళ్లీ దించి, "రా" అన్నాను.

గది మూసేదాకా కూర్చుని చదివాడు. ఇప్పటికీ నాకంటే వేగంగా పేజీలు తిప్పుతున్నాడు, ఏం చెప్పను!

ఈ కాలం బళ్లలో ఎవరి ముక్కూ ఎవరూ పట్టుకోరు. మంచిదే... ఈ పిల్లలకు అది కూడా కలిసొచ్చింది. మీ తరగతిలో మీరు కొట్టినవారా, తిన్నవారా? కింద రాయండి. తిన్నవాళ్లు తీరిగ్గా రాయండి... కొట్టినవాళ్లు మాత్రం, ఒక్కసారైనా, మా తర్వాత రాయండి.