సుంకన్న ఎనుముల పేడ

మీ పొయ్యిలో మండే మంటకు కులం ఉందా? నవ్వకండి. మా ఊర్లో ఒకప్పుడు ఉండేది. దాని గుర్తు ఇప్పటికీ మా పెరట్లో పడి ఉంది. బండి చక్రం కంటే వెడల్పైన ఇనుప డ్రమ్ము అది, సగానికి తుప్పు తిన్నది, ఇప్పుడు మేకలకు మేత వేసే తొట్టి. మొన్న తొలకరి చినుకులు పడ్డప్పుడు దాని పక్కన నిలబడితే తడి తుప్పు వాసనతో పాటు పాత పేడ వాసన కూడా తగిలినట్టయింది. ఆ వాసనతోనే నా చిన్నతనం మొత్తం లేచి వచ్చింది.

ఆలూరుకు పత్తికొండకు నడుమ, నల్లరేగడి చేల మధ్య మా ఊరు. మా ఇంట్లో కాలం ఏదో తెలుసుకోవాలంటే ఆకాశం చూడనక్కర లేదు, పొయ్యి చూస్తే చాలు. పత్తి ఏరడం అయిపోయిన దినాల్లో పత్తి కట్టె, కంది కోశాక కంది కట్టె, బుడ్డలు, అదే వేరుశనగ కాయలు, ఒలిచిన దినాల్లో వాటి పొట్టు, ఏమీ లేని దినాల్లో కంప, వానాకాలంలో మండనని మొండికేసే తడి పిడకలు. అమ్మ ఊదుగొట్టం పట్టుకుని వంగి ఊదుతుంటే పొగ ముందు ఆమె కళ్ళల్లోకి, తరువాత దూలాల్లోకి, చివరికి మా అందరి బట్టల్లోకి చేరేది. ఆ పొగలోనుంచే అరచేతుల మధ్య జొన్న రొట్టె తట్టే చప్పుడు, ఉగాదికి భక్ష్యాల్లోకి ఉడికే బెల్లం వాసన, ఏరువాక పున్నమినాడు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి ఆకలితో పరుగెత్తి వచ్చిన మాకు కొర్రన్నం మీద పోసే వేడి నెయ్యి, అన్నీ వచ్చేవి. ఆ రుచులన్నీ నాకు గుర్తున్నాయి. వాటిని వండిన మనిషి దగ్గు కూడా గుర్తుంది.

మా నాయనకు వాదించడమంటే శానా ఇష్టం. దయ్యాలు లేవని టీ కొట్టు కాడ పందెం కట్టి, శ్మశానంలో సమాధి మీద కూర్చుని శేరు గుగ్గిళ్ళు తిని వచ్చిన మనిషి. ఆయనే ఒక ఏడాది సబ్సిడీ కాగితాలు పట్టుకొచ్చి పెరట్లో గోబర్ గ్యాస్ గుంత తవ్వించినాడు. మా ఇంటి గొడ్లు చాలవని ఇంకో మూడిళ్ళను కలుపుకున్నాడు. నాలుగిళ్ళ పేడ మా తొట్టిలో పడాల, నాలుగిళ్ళకూ గొట్టం పోవాల.

పేడలో నీళ్ళు పోసి కలిపి, గడ్డీ గాదం ఏరెయ్యడం నా పని. అచ్చనగండ్లు ఆడుకునే చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉండేవి. గుంతలో బోర్లించిన ఆ డ్రమ్ము గ్యాస్ నిండేకొద్దీ పైకి లేచేది, వంట అయ్యేకొద్దీ దిగేది. పొద్దున్నే పరుగెత్తి పోయి, నిన్న సుద్దముక్కతో గీసిన గీత కంటే ఎంత లేచిందో చూసుకోవడం మాకొక ఆట. మొదటి రోజు నీలి మంట వెలిగినప్పుడు అమ్మ అలవాటు కొద్దీ ఊదబోయింది. తర్వాత తనలో తాను నవ్వుకుని, ఊదుగొట్టం తీసి చూరులో దోపేసింది.

నాయన తల్లి, మా జేజి మాత్రం మూతి తిప్పింది. "పొగ తగలని రొట్టె రొట్టేనా? మట్టి తిన్నట్టుండాది" అనేది. పొద్దున టీ మటుకు అందరికంటే ముందు ఆమెకే కావాల. "టీ ఏమన్నా దేవునికి పెట్టేదా, కాచియ్యి" అనేది.

ఆ మరుసటి ఏడు వానలు లేవు. మేత చాలక ఊరివాళ్ళు గొడ్లను సంతకు తోలినారు. మేమూ ఎద్దుల జత ఒక్కటే ఉంచుకుని మిగతావి అమ్ముకున్నాం. నా సుద్దగీతను డ్రమ్ము అందుకోవడం మానేసింది. అమ్మ చూరులోంచి మళ్ళీ ఊదుగొట్టం దింపింది.

అప్పుడు వచ్చినాడు సుంకన్న. మా పెరటి గోడ దాటితే వంక, వంక దాటితే మాదిగ గేరి, అందులో మొదటి ఇల్లు ఆయనది. మా నాయన కంటే పెద్దవాడు. అయినా మేం పిల్లలం కూడా పేరు పెట్టే పిలిచేవాళ్ళం. అది తప్పని మాకు ఎవరూ చెప్పలేదు.

"సామీ, నాకాడ నాలుగు ఎనుములు ఉండాయి. వంకలో గడ్డి కోసుకొచ్చి ఎట్లనో సాకుతాండా. పేడ తట్టలకు తట్టలు తెచ్చి పోస్తా. నా పెండ్లాం కండ్లు గూడా పొగకు పోతాండాయి. మా ఇంటికి గూడా ఒక గొట్టం ఏయించు" అన్నాడు.

"ఏయిద్దాం లేప్పా, నేనుండా గదా" అన్నాడు నాయన.

ఎనిమిది దినాలు సుంకన్న పొద్దు పొడవక ముందే తట్టలు మోసి తొట్టిలో పోసినాడు. డ్రమ్ము గీత దాటి లేచింది. నాలుగిళ్ళలో నీలి మంట మీద అన్నాలు ఉడికినాయి, పప్పులు ఉడికినాయి, ఎవరి కడుపూ నొయ్యలేదు. తొమ్మిదో దినం మా నాయనకు అన్న వరసయ్యే ఈరన్న పెద్దనాయన, చెంబు పట్టుకుని మా పెరటి మీదుగా పోతా, సుంకన్న తొట్టిలో పేడ పోసేది చూసినాడు.

"ఇన్ని దినాలూ వాని గొడ్ల పేడ మంట మీదనా మేం తిన్నది?" అని అరుపు.

ఆ మధ్యాహ్నమే మూడిళ్ళ వాళ్ళు గొట్టాలు పీకేసినారు. ఈరన్న పెద్దనాయన ఇంట్లో కుండలు బయట పారేసి, మైల పోవడానికి వంటిల్లంతా శుభ్రంగా అలికించినారు. దేనితో అలికినారో తెలుసా? పేడతో! పేడ అంటించిన మైలను పేడతోనే కడుక్కున్న మనుషులను మీరు ఇంకెక్కడైనా చూసినారా?

నేను ఊరుకోలేక, "జేజీ, అగ్గి అన్నిట్నీ శుద్ధి చేస్తాదని నువ్వే చెప్తివి గదా, పేడను చెయ్యదా?" అన్నా. "నోరు ముయ్యే! సదువు ఎక్కువయింది నీకు" అంది జేజి.

మా నాయన వాదిస్తాడని చూసినా. ఆయన గోడకు ఆనుకుని శానాసేపు నిలబడి, మరుసటి పొద్దున తట్టతో వచ్చిన సుంకన్నతో, "కొన్నాళ్ళు ఆగప్పా. ఊర్లో బతకాల్ల గదా" అన్నాడు.

సుంకన్న తట్ట దించలేదు. "ఆగుతాలే సామీ. నా దిబ్బలో ఎరువు మటుకు మీ చేనికి ఎప్పటిమాదిరే బండి కట్టి తోలుకుంటారు గదా? ఆ జొన్నలకు మైల అంటదు గదా?" అని నవ్వి, వచ్చిన దారినే వంక దాటిపోయినాడు.

తలుపు కాడ నిలబడిన అమ్మ అప్పుడు అంది. "దయ్యాలు లేవని సమాధి మీద కూసోని గుగ్గిళ్ళు తింటివి. ఈరన్న బావకు బయపడ్తివా?"

నాయన తువ్వాలు భుజాన వేసుకుని చేనికి పోయినాడు. డ్రమ్ము గుంతలోకి దిగిపోయి మళ్ళీ లేవలేదు. సుంకన్న ఇంటికి గొట్టం పోనే లేదు.

శానా ఏళ్ళ తరువాత, ఊపిరాడని అమ్మను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయినా. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసిన డాక్టరు, "ఎన్నేండ్ల నుంచి బీడీలు తాగుతాండావమ్మా?" అని అడిగినాడు. "బీడీలు యాడివి సామీ, వంట చేసినా" అంది అమ్మ. ఆ చలికాలం దాటలేదామె.

ఇప్పుడు మా ఊరి గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. జొన్న పండిన చేలల్లో సోలార్ పలకలు నల్లగా మెరుస్తున్నాయి. ఆ కరెంటు పెద్ద తీగల మీద మా నెత్తి మీదుగానే ఎక్కడికో పోతుంది, మాకు మాత్రం పిండి మిల్లు సగం దినం ఆగిపోయే ఉంటుంది. అందుకే పొదుపు సంఘం ఆడవాళ్ళు ఊరికంతా ఉమ్మడిగా ఒక సోలార్ పిండి మిల్లు, మంచినీళ్ళ మోటరు పెట్టుకుందామంటున్నారు. నీడ పడని ఖాళీ జాగా వంక అవతల, ఇప్పుడు కాలనీ అని పిలిచే మాదిగ గేరిలోనే ఉంది. ఐటీఐలో కరెంటు పని నేర్చిన సుంకన్న మనవరాలు లక్ష్మీదేవి, దాన్ని నేను నడుపుతానని ముందుకొచ్చింది. మొన్నటి గ్రామసభలో ఈరన్న పెద్దనాయన కొడుకు ఇస్త్రీ చొక్కాతో లేచి, శానా మర్యాదగా, "మిల్లు మంచిదేనప్పా, కాకపోతే మన గేరిలో పెడితే అందరికీ బాగుంటాది" అన్నాడు. మన గేరిలో అన్నీ మిద్దెలు, వేపచెట్లు, పలకలకు ఎండ తగలదని అందరికీ తెలుసు. అయినా చాలామంది తలలు ఊపినారు. మాట వచ్చే సభకు వాయిదా పడింది.

ఎనుములు పోయినాయి, దిబ్బలు పోయినాయి, రొట్టె తట్టే చప్పుడు పోయింది, అమ్మ పోయింది. పోవలసింది మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని సభకు వస్తోంది.

మీ ఊర్లోనూ ఇటువంటి మిల్లో మోటరో మాటల్లో నలుగుతూనే ఉంటుంది. ఊర్లో బతకాల్ల గదా అని గోడకు ఆనుకుని నిలబడకండి. వచ్చే గ్రామసభకు పోండి. ఎండ ఉన్న చోటే పలకలు పెట్టాలని అందరికీ కనపడేలా చెయ్యెత్తండి. మిల్లు తిరిగిన మొదటి పొద్దున మీ ఇంటి జొన్నలు మీరే నెత్తిన పెట్టుకుని, వంక దాటిపోయి, వరసలో నిలబడి పిండి పట్టించుకుని రండి. ఆ పిండితో చేసిన రొట్టె ఆ పూటే తినండి.