గట్టు మీద పరుగు, గడప గడపకీ కాఫీ

సుమారు అన్న మాట నాకు గిట్టదు. ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. అందుకని ముందే చెబుతున్నాను. ఇది 1997 జులైలో మొదలై అక్టోబరులో తేలింది. అప్పటికి నా వయసు యాభై మూడు, బరువు డెబ్బై రెండు కిలోలు, పరగడుపున రక్తంలో చక్కెర నూట యాభై రెండు.

ఆ నూట యాభై రెండు రాసిన కాగితం నా చేతికిచ్చిన డాక్టరు చిన్నప్పుడు నా దగ్గర ట్యూషను చదివిన కుర్రాడే. భిన్నాల కూడిక దగ్గర ఒకసారి చెవి మెలిపెట్టాను. ఇప్పుడు తన వంతు వచ్చింది.

"మూడు నెలలు చూద్దామండి మేడం. బాగా నడవాలి. ఊరికే నడిస్తే చాలదు, చెమట పట్టాలి, మధ్యమధ్యలో పరుగెత్తాలి. పంచదార మానెయ్యాలి. అప్పటికీ దిగకపోతే మాత్రలు మొదలెడదాం."

"మొదలెడితే ఎప్పుడు ఆపుతావు?"

"ఆపడం ఉండదండి."

మా అక్కకీ అలాగే మొదలైంది. అరమాత్ర, మాత్ర, రెండు మాత్రలు, చివరికి రెండు పూటలా సూది. వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా పొయ్యి మీద పాలగిన్నె పక్కన ఇంకో చిన్న గిన్నెలో సూది ఉడుకుతూ ఉండేది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని చెయ్యి చాపేది. నేను గోడవైపు తిరిగేదాన్ని. ఆ చిన్న గిన్నె మా ఇంటి పొయ్యి ఎక్కకూడదు. నాకు కావలసింది అంతే.

ఈ మాటలు అవుతుండగానే కాంపౌండరు టీ తెచ్చాడు. అతను మా ఊరివాడే. ఒక్క గుక్క తాగితే రెండు చెంచాల పంచదార తెలిసింది.

"ఏమయ్యా, చక్కెర ఎక్కువైందని ఇప్పుడే కదా చెప్పారు?"

"అది జబ్బు సంగతండి. ఇది మర్యాద సంగతండి," అన్నాడు.

ఆ రెండో సంగతే నా అసలు జబ్బని అప్పటికి నాకు తెలియదు.

మా ఊరు స్కూలున్న రామచంద్రపురానికి మూడున్నర కిలోమీటర్లు. కాలవ గట్టు మీదుగా దారి. నేను మాత్రం ఇంటి దగ్గర రిక్షా ఎక్కి, బస్సు దగ్గర దిగి, బస్సు దిగి మళ్ళీ రిక్షా ఎక్కి స్కూలుకి చేరేదాన్ని. రోజు మొత్తంలో నా కాళ్ళు చేసే ప్రయాణం స్టాఫ్ రూమునుంచి పదో తరగతి గది దాకా. కాబట్టి రిక్షా మాన్పించాను, బస్సు మానేశాను, తెల్ల కాన్వాసు బూట్లు కొన్నాను. కొట్టతను "బాబుకా అండి?" అన్నాడు. నాకే అన్నాను. "ఆయ్, డబ్బులిచ్చేది మీరేనండి. వేసుకునే కాళ్ళు ఎవరివండి?" అన్నాడు. 

ఎనభై నాలుగేళ్ళ మా అత్తయ్యగారు మంచం మీద నుంచే బూట్లు చూశారు.

"ఇవేంటే? పోలీసోళ్ళలో చేరావా?"

"పరుగెత్తడానికండీ."

"ఎవర్ని పట్టుకోడానికి?"

మొదటి రోజు ఊరు దాటానో లేదో వెనకనుంచి స్కూటరు వచ్చి ఆగింది.

"టీచరు గారూ! ఏంటండీ నడిచెళ్తున్నారు? రిక్షా రాలేదా అండి?"

"నేనే మాన్పించానండి. ఆరోగ్యం కోసం."

"ఒంట్లో బాలేదా? అయితే అసలు నడవకూడదు కదండీ! ఎక్కండి, ఎక్కండి."

వద్దంటే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "మా బండి మీకు ఆనదన్నమాట" అన్నాడు. ఎక్కాను. మర్నాడు కొబ్బరికాయల ట్రాక్టరు ఆగింది. కాయల మీద కూర్చుని స్కూలుకి వెళ్ళాను. ఆ మర్నాడు పాలబ్బాయి సైకిలు ఆపి, క్యాన్లు ఒక పక్కకి జరిపి, "ఇదిగోండి, చోటుందండి" అన్నాడు. వారం తిరిగేసరికి తేలిందేమిటంటే, నడిచిన దానికంటే బళ్ళు ఎక్కి దిగిన దానికే నాకు ఎక్కువ చెమట పట్టింది.

బళ్ళు రోడ్డెక్కక ముందే బయలుదేరితే సరిపోతుందనుకున్నాను. బళ్ళు లేవు కానీ, ఆ వేళకి ఇళ్ళు లేచి ఉంటాయి. గట్టు పొడుగునా ఉన్న ఇళ్ళలో ఆరు ఇళ్ళ పిల్లలు నా దగ్గర చదువుకున్నవాళ్ళే.

"గడప ముందునుంచి వెళ్తూ లోపలికి రాకపోవడమేంటండీ? కాఫీ అయిపోవచ్చింది, ఒక్క నిమిషం."

"పంచదార వద్దమ్మా."

"అయ్యో! ఎవరైనా చూస్తే ఇంట్లో పంచదార లేక వెయ్యలేదనుకోరూ?"

ఒక ఇల్లాలు మాత్రం నా మాట శ్రద్ధగా విన్నది. లోపలికి వెళ్ళి గ్లాసు తెచ్చింది. తాగితే పాకం.

"వద్దన్నాను కదమ్మా?"

"మీరు పంచదార వద్దన్నారు కదండీ. బెల్లం వేశాను."

ఒక రోజు ఒకరింట్లో కాఫీ వద్దని గట్టిగా చెప్పి వచ్చేశాను. ఆ ఇంటి పిల్ల నా క్లాసులోనే ఉంది. వారం రోజులు నా మొహం చూడకుండా బల్లకేసి చూస్తూ లెక్కలు చేసింది. వాళ్ళమ్మ ఎంత బాధపడిందో ఆ పిల్ల మెడ వంపులో తెలిసింది. మళ్ళీ తాగడం మొదలుపెట్టాను. నెల చివర రైసు మిల్లు కాటా ఎక్కి చూసుకుంటే డెబ్బై మూడున్నర. 

"తరుగు తీసెయ్యమంటారా అండి?" అన్నాడు కాటా దగ్గర మనిషి. తడి ధాన్యానికి తూకంలో కొంత తీసేస్తారు. నేనూ ఆ లెక్కలోనే కనిపించాను కాబోలు.

ఇంకా రెండు నెలలే ఉన్నాయి. అప్పుడు తట్టింది. నడుస్తున్నాను కాబట్టి ఆపుతున్నారు, పరుగెత్తితే ఎవరు ఆపుతారు? 

ఆగస్టులో ఒక ముసురు పట్టిన ఉదయం కుచ్చిళ్ళు పైకి దోపి, కొంగు నడుముకి బిగించి, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో టిఫిను క్యారియరు పట్టుకుని పరుగు అందుకున్నాను. మొదటి ఇంటి ఇల్లాలు గ్లాసుతో బయటికి వచ్చేసరికి నేను మూడో ఇల్లు దాటుతున్నాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అయితే ఒక సంగతి మరిచిపోయాను. ముసురు రోజుల్లో, కాలవ నిండా నీళ్ళున్నప్పుడు, గట్టు మీద ఒక పెద్దమనిషి పరుగెడితే మా డెల్టాలో దానికి ఒక్కటే అర్థం. గట్టుకి గండి పడింది.

చేలల్లోంచి కేకలు వినిపించాయి. "గండి ఎక్కడండీ?" జవాబు చెప్పడానికి నాకు ఊపిరి లేదు. ఏమీ లేదని గొడుగు ఊపాను. గొడుగు కాలవ నీళ్ళు ఆపే లాకులవైపు ఊగింది. వెనక్కి తిరిగి చూస్తే పారలు, గునపాలు, ఖాళీ గోనె సంచులతో జనం. ఒకాయన అరటి దుంగ భుజాన వేసుకుని మరీ వస్తున్నాడు. వాళ్ళు వస్తున్నారని నేనూ, నేను ఆగలేదని వాళ్ళూ, అందరం కలిసి లాకుల దాకా పరుగెత్తాం. 

లాకుల దగ్గర కాలవ కాపలా చూసే లస్కరు హడలిపోయి బయటికి వచ్చాడు. "ఎక్కడండీ? ఎంత మేర పోయింది?" అందరూ నాకేసి చూశారు.

"గండి లేదు," అన్నాను రొప్పుతూ. "నాకు చక్కెర వ్యాధి."

అరటి దుంగ ఆయన దుంగ దింపాడు. "ఆ ముక్క మా చేను దగ్గరే చెబితే సరిపోయేది కదండీ," అన్నాడు. ఇంతమంది వచ్చారు కదా అని లస్కరు టీ పెట్టించాడు. నాకూ ఇచ్చాడు. పంచదార సంగతి అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు.

అందరూ వెళ్ళాక లస్కరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తవరు పరిగెత్తండి, కాదనను. ఈ గట్టు మీద వద్దండి, జనం గుండెలాగి పోతారు. అవతల గట్టుందిగా. అటెవరూ రారండి."

"ఎందుకు రారు?"

"వల్లకాడుందిగా అండి."

ఊరి చివర కర్ర వంతెన దాటి అవతల గట్టెక్కితే లాకుల దాకా కాలిబాట. తాడిచెట్లు, కొంగలు, నేను. ఇల్లు లేదు, బండి లేదు, కాఫీ లేదు. పొద్దున్న పరుగెత్తి వెళ్ళేదాన్ని, సాయంత్రం పరుగెత్తి వచ్చేదాన్ని. అటునుంచి వచ్చేవాళ్ళు కాళ్ళు కడుక్కోకుండా గడప తొక్కకూడదని మా అత్తయ్యగారి పాత ఆజ్ఞ కాబట్టి, వంతెన పక్క రేవులో దిగి కాళ్ళూ మొహమూ కడుక్కుని, నెత్తిన నాలుగు నీళ్ళు చల్లుకుని, తడి జుట్టుతో, ఆయాసం వల్ల ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచేదాన్ని. దారిలో ఎవరూ పలకరించేవారు కాదు. తలలు దించుకునేవారు. నా ఆరోగ్యం సంగతి జనానికి ఇన్నాళ్ళకి అర్థమైందని పొంగిపోయాను.

రెండో ఆదివారం మా ఇంటికి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ముగ్గురూ గట్టు మీది ఇళ్ళవాళ్ళే. బెల్లం కాఫీ ఇల్లాలు ముందు. వసారాలో చాప మీద కూర్చున్నారు. మా ఆయన పొలం వెళ్ళారు, అత్తయ్యగారు లోపలి గదిలో పడుకుని ఉన్నారు.

"పెద్దావిడ చెయ్యి చాలా మంచిదండి," అంది ఒకావిడ నిట్టూర్చి. "ఆవిడ పెట్టిన మాగాయ మూడేళ్ళయినా రంగు మారేది కాదు."

"మా పెళ్ళికి అప్పడాలన్నీ ఆవిడే దగ్గరుండి ఒత్తించారండి," అంది రెండో ఆవిడ. 

ఆదివారం పూట పనిమాలా వచ్చి మా అత్తయ్యగారిని పొగడటం ఏమిటో నాకు బోధపడలేదు. కాఫీ పెట్టడానికి లేచాను. ముగ్గురూ ఒక్కసారే చేతులు ఊపారు. 

"అయ్యో వద్దండి! ఇప్పుడు మీ ఇంట్లో కాఫీ ఏంటండీ!"

మా ప్రాంతంలో కాఫీ వద్దన్న మనుషులని నేను చూడటం అదే మొదటిసారి. ఏదో పెద్ద పొరపాటు జరిగిందని అప్పుడు అనుమానం వచ్చింది.

"మామూలుగా ఆడవాళ్ళు అటు వెళ్ళరు," అంది బెల్లం కాఫీ ఇల్లాలు కళ్ళు ఒత్తుకుంటూ. "అయినా మీరు ఏదైనా దగ్గరుండి సరిచూసుకునే మనిషి కదండీ. రోజూ వెళ్ళొస్తున్నారు, చూస్తూనే ఉన్నాం. పెద్దావిడ బంగారమండి. నోరొక్కటే కాస్త..."

"నోరొక్కటే కాస్త ఏంటే?" అని లోపలినుంచి వినిపించింది.

మా అత్తయ్యగారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. రెండో ఆవిడ కెవ్వుమని చాప మీదనుంచి మా నూతి దాకా వెళ్ళింది. మిగిలిన ఇద్దరూ ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నారు.

"ఎవరు పోయారే?" అన్నారు అత్తయ్యగారు. 

బెల్లం కాఫీ ఇల్లాలు ఆవిడకేసి చూసి తల దించుకుంది.

"నేనేనా?"

"ఆయ్," అంది బెల్లం కాఫీ ఇల్లాలు. "మీరేనండి." అంత భయంలోనూ అండి మానలేదు.

అత్తయ్యగారు వచ్చి చాప మీద ఆవిడ పక్కనే కూర్చున్నారు. "సరే, మాగాయ సంగతి చెబుతుంటే ఆగిపోయిందే. అది కానివ్వండి ముందు. నూతి దగ్గరావిణ్ణి కూడా పిలు."

మాగాయ, అప్పడాలు, ఎప్పటివో సున్నుండలు, అన్నీ చెప్పించుకుని విన్నారు. తర్వాత నా వంతు వచ్చింది. స్కూటరు, ట్రాక్టరు, బెల్లం, గండి, వల్లకాడు, నవ్వు ఆపుకుంటూ అన్నీ చెప్పాను. అక్క ఇంటి పొయ్యి మీది చిన్న గిన్నె దగ్గరికి వచ్చేసరికి నవ్వు రాలేదు. అత్తయ్యగారు కాసేపు నా బూట్లకేసి చూశారు.

"ఇదిగో, ఊళ్ళో అందరికీ చెప్పండి. మర్యాద చేసి నా కోడల్ని సూదుల పాలు చేస్తారా? రేపట్నుంచి దీనికి ఎవరు కాఫీ ఇస్తే వాళ్ళింటికి నేను వారం రోజులు భోజనానికి వస్తాను."

ముగ్గురి ముఖాలూ పాలిపోయాయి. పప్పులో ఇంగువ తక్కువైందని ఒక పెళ్ళిలో వంటవాడి చేత కంటతడి పెట్టించిన మనిషి ఆవిడ. 

తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు ఆ గట్టు మీదకి వెళ్ళకు. నాకంటే ముందు అటు వెళ్ళి రావడమేంటే నువ్వు?"

సోమవారం మళ్ళీ ఇవతలి గట్టెక్కాను. కాఫీ గ్లాసుతో ఎవరూ రాలేదు. కానీ గడప ముందునుంచి వెళ్ళే మనిషిని ఊరికే పోనిస్తే వాళ్ళకి ఆ పూట అన్నం సయించదు. అందుకని సాగనంపడం మొదలుపెట్టారు. బెల్లం కాఫీ ఇల్లాలు అట్లకాడ చేత్తో పట్టుకునే నా పక్కన తమ దడి చివరిదాకా పరుగెత్తుకుంటూ వచ్చి, "ఉంటానండీ" అని ఆగింది. అక్కణ్ణుంచి పక్కింటావిడ అందుకుంది. ఆవిడకి పరుగు రాదు, అయినా తమ హద్దు దాకా రాకుండా ఆగలేదు. సెప్టెంబరులో ఎవరి దడి ఎక్కడ ముగుస్తుందో ఎవరూ పట్టించుకోలేదు. నలుగురైదుగురం లాకుల దాకా పరుగెత్తేవాళ్ళం. స్కూటరాయన కూడా ఒక దారి కనిపెట్టాడు. "మీరు ఎక్కొద్దండి, మీ క్యారియరు ఎక్కించండి" అని దాన్ని స్కూలు గేటు దగ్గర దింపి వెళ్ళేవాడు. చేలల్లో ఎవరైనా కొత్తవాళ్ళు ఉలిక్కిపడితే, "గండి కాదురా, టీచరు గారి చక్కెర" అని పక్కవాళ్ళు సర్దిచెప్పేవారు.

అక్టోబరులో రైసు మిల్లు కాటా మీద అరవై ఏడు కిలోలు. తరుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. రక్తం ఇచ్చి డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని మాత్రం పాత నూట యాభై రెండు కాగితం పదేపదే విప్పి చూసుకున్నాను. కాటా వేరు, కాగితం వేరు.

డాక్టరు కాగితం రెండుసార్లు చూశాడు. "మాత్రలు వద్దండి మేడం. పరుగు మానకండి." నేను ఆ కాగితం లాక్కుని మూడోసారి చూశాను. నూట పదహారు.

అప్పుడే కాంపౌండరు టీతో వచ్చాడు.

"పంచదార ఎన్ని చెంచాలు?"

"రెండేనండి. మర్యాద సంగతి కదండీ."

"మా అత్తయ్యగారు వచ్చే వారమంతా మీ ఇంట్లోనే భోంచేస్తారు," అన్నాను. కప్పు ఎంత మర్యాదగా వచ్చిందో అంత మర్యాదగానూ వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్యగారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు.

"ఎంతొచ్చిందే?"

"నూట పదహారండీ."

"నూట పదహార్లే!" ఆవిడ ముఖం వెలిగిపోయింది. పెళ్ళిలో చదివింపు విన్నట్టు రెండు చేతులూ ఎత్తి నా నెత్తిన పెట్టారు. "శుభం. వచ్చేసారి వెయ్యి నూట పదహార్లు రావాలి."

"అంతొస్తే నన్ను మోసుకుని అవతలి గట్టుకి తీసుకెళ్ళాలండీ," అన్నాను.