మరియమ్మ కడిగిన ముందుసీటు

మరియమ్మక్కకి ఎడమచెవి వినబడదు. అటువైపు నుంచి ఎవరు పిలిచినా పలకదు. దాన్ని పొగరనుకునేవాళ్ళు ఈ అమలాపురంలో చాలామంది ఉన్నారు. నేనూ మొదట్లో అలాగే అనుకుని, ఏమిటీవిడ గొప్ప అని వారంరోజులు మాట మానేశాను. పదకొండేళ్ళ కిందట మొగుడు ప్రకాశరావు ఆ చెవి మీద ఆటో జాకీరాడ్డు పెట్టి కొట్టాడని తర్వాత తెలిసింది. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ కోపమొచ్చింది, కానీ అప్పటికే వాడు ఊళ్ళో లేడు. ఒకరోజు అన్నం చల్లారిపోయిందని తన్నబోతే ఆవిడ పచ్చడిబండ తీసి వాడి మోకాలిచిప్ప మీద ఒక్కటిచ్చిందట. కుంటుకుంటూ కాకినాడ వైపు పోయినవాడు మళ్ళీ మొహం చూపించలేదు. మంచిపని చేశావక్కా అంటే, "రెండో మోకాలు మిగిలిపోయిందే సత్యవేణీ" అంటుంది.

ముమ్మిడివరం వెళ్ళే రోడ్డులో కార్ల సీట్లకి కవర్లు కుట్టే కొట్టు నాది. నా పక్క రేకులషెడ్డు ఆవిడది. కార్లు పైపైన కడిగేవాళ్ళు వీధికొకరున్నారు గానీ, లోపల సీట్ల మరకలూ కంపూ వదలగొట్టాలంటే ఎక్కడెక్కడివాళ్ళూ ఈవిడ దగ్గరికే రావాలి. పులస చేపల సంచి కారి స్పాంజిలోకి దిగిన నీసు, పిల్లలు కక్కిన పాలు, పెళ్ళివాళ్ళు ఒలకబోసిన బీరు, పూతరేకుల నెయ్యి, ఒకటేమిటి! ముందు ముక్కు సీటుకి ఆనించి వాసన చూస్తుంది. "నిన్నటిదంటన్నారు, ఇది నాలుగురోజుల నాటిదండి. నిజం చెప్పండి, నిజం చెబితేనే మందు తెలుస్తుంది" అని ఎంతటివాళ్ళనైనా నిలదీస్తుంది. తర్వాత తినేసోడా చల్లుతుందో, వెనిగర్ కొడుతుందో, తలుపులు బార్లా తీసి ఎండలో పడేస్తుందో ఆవిడిష్టం.

"నువ్విలా కొత్తవాటిలా చేసిచ్చేస్తుంటే నా కవర్లు ఎవరు కొంటారక్కా?" అని దెప్పుతుంటాను.

"నువ్వు మరక మీద దుప్పటి కప్పేదానివి. నేను పీకి పారేసేదాన్ని. నాతో నీకు పోటీ ఏంటే?" అంటుంది. ఈ పనికి రాకముందు పదిహేనేళ్ళు ఒక నర్సింగ్‌హోమ్‌లో ఆయాగా చేసింది. పురుళ్ళగది దుప్పట్లు ఉతికి ఉతికి ఆవిడ చేతులు అరిగిపోయాయి. అక్కడ నేర్చుకున్నదేమిటో నాకు మొన్నటి సోమవారం దాకా తెలియదు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి శివనాగరాజు తన తెల్లకారు వేసుకొచ్చాడు. కొబ్బరి వ్యాపారి, నూనెమిల్లు కూడా ఉంది. రెండునెలలకోసారి సీట్ల మీద నూనెడబ్బాలు ఒలకబోసుకుని వచ్చేవాడు. నూనె మరక మీద మరియమ్మక్క ఆవిరి మిషను పెట్టి కొట్టి, సబ్బునురుగు రాసి గుడ్డతో లాగితే శుభ్రంగా వచ్చేసేది. ఆయన పక్కనే నిలబడి, "చూసేరా, వేడినీళ్ళకి లొంగని మరక లేదండి" అని అందరికీ చెప్పేవాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయనకి తెలిసిన మరకలన్నీ నూనె మరకలే.

ఆరోజు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుడిచేతి కణుపులు వాచి, తోలు లేచిపోయి ఉంది. ఎడమవైపు ముందుతలుపు తీసి చూపించాడు.

"నిన్న పలివెలలో చుట్టాలింట్లో మేకపోతుని కోసేరు. మాంసం సంచి కారిపోయింది. అర్జెంటుగా కడిగెయ్యి మరియమ్మా."

నేను కత్తెర పట్టుకునే వెళ్ళి తొంగిచూశాను. తలదిండు దగ్గర మొదలై వీపు ఆనే చోటునుంచి బెల్టు బకిలు దాకా నల్లగా గడ్డకట్టిన రక్తం. ఈగలు. తలదిండుకి అతుక్కుని రెండు పొడుగాటి వెంట్రుకలు. సీటు పట్టాలో విరిగిన ఆకుపచ్చ గాజుముక్కలు. ఓరి దుర్మార్గుడా! మేకపోతు గాజులేసుకుని, దిండుకి తల ఆనించుకుని కూర్చుందిట్రా?

ఆ రక్తం ఎవరిదో ఎలా తెలిసిందంటే, ఆ పొద్దున్నే టీకొట్టు దగ్గర ఆటో వీరబాబు చెప్పాడు నాకు. శివనాగరాజు భార్య జ్యోతిర్మయిని ముందురోజు సాయంత్రం 108లో ఇంటి దగ్గర్నుంచి ఆసుపత్రికి తీసుకెళ్ళారట. బాత్రూంలో జారిపడిందని మొగుడు చెప్పాడట. పుర్రె చిట్లింది, ఇంకా స్పృహ లేదు. ఇంట్లో జారిపడి, 108లో వెళ్ళిన మనిషి రక్తం ఈ కారులోకి ఎలా వచ్చింది? ఆ పిల్ల నా కొట్టుకి రెండుసార్లు వచ్చింది. మే నెల ఎండలో నిండుచేతుల జాకెట్టు వేసుకుని వచ్చింది. ఏ రంగు కావాలమ్మా అంటే మొగుడి మొహంలోకి చూసింది. అప్పుడే నాకు ఒళ్ళు మండింది.

మరియమ్మక్క ముక్కు సీటుకి ఆనించింది. చాలాసేపు లేవలేదు. లేచాక మాత్రం ఎప్పుడూ అడిగినట్టు నిజం చెప్పండని అడగలేదు.

"చన్నీళ్ళు కొట్టమంటారా అండి?" అంది మెల్లిగా.

"చన్నీళ్ళేంటి? మరిగే నీళ్ళు కొట్టు. ఆవిరి మిషను పెట్టి దంచు. నూనె వదిలింది, ఇదొక లెక్కా?"

"ఆయ్. మీరెలా చెబితే అలాగేనండి."

గంటసేపు దంచింది. తలదిండు, వీపు, కూర్చునే చోటు, ఏదీ వదిలిపెట్టలేదు. తలుపులోంచి పొగలు పొగలుగా ఆవిరి, పచ్చి రక్తపు వాసన. నేను రోడ్డు పక్కకి పోయి వాంతి చేసుకున్నాను. తిరిగొచ్చేసరికి సీటంతా తెల్లటి నురుగు. శివనాగరాజు నా వైపు తిరిగి, "దీనిమీద కొత్త కవరెయ్యి, ఇప్పుడే" అన్నాడు.

"తడిసీటు మీద కవరేస్తే కంపు కొడుతుందండి."

"నిన్ను సలహా అడిగేనా? ఎయ్యమంటే ఎయ్యి."

కత్తెర నా చేతిలోనే ఉంది. దాంతో వాణ్ణెక్కడ పొడవాలా అని ఆలోచిస్తున్నాను, దేవుడి సాక్షిగా అబద్ధం కాదు. మరియమ్మక్క నా జబ్బ పట్టుకుని గట్టిగా గిల్లింది. "వెయ్యవే" అంది. వేశాను. వారందాకా కవరు తియ్యొద్దండి, లోపల ఆరాలి అని అక్క జాగ్రత్తలు చెప్పి మరీ పంపింది.

కారు మలుపు తిరిగిందో లేదో నేను పూనకం వచ్చినట్టు విరుచుకుపడ్డాను. "నువ్వు మనిషివేనా? నీ చెవి పగలగొట్టిన వాడికీ వీడికీ తేడా ఏంటి? ఆ పిల్ల రక్తాన్ని నీ చేతుల్తో కడిగి పంపిస్తావా? రేపు ఆ పిల్లకి తెలివొస్తే వాడు అదే సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకుపోతాడు. ఈసారి చంపేస్తాడు. ఆ పాపంలో నీకూ వాటా ఉంది, నీ మూలంగా నాకూ ఉంది!"

ఆవిడ నన్ను పూర్తిగా తిట్టనిచ్చింది. ఆ తర్వాత చేతులు తుడుచుకుంటూ, "కడగలేదే, పిచ్చిదానా. ఉడకబెట్టేను" అంది.

"అంటే?"

"రక్తాన్ని చన్నీళ్ళతో కడిగితే పోద్ది. వేడి తగిలిందా, కోడిగుడ్డు ఉడికినట్టు ఉడికిపోయి బట్టకి పట్టేస్తాది. పురుళ్ళగదిలో కొత్తగా వచ్చిన పిల్లలు ఇలాగే వేడినీళ్ళు పోసి ఎన్ని దుప్పట్లు పాడుచేసేరో! నేను కాదంటే వాడు ఇంకోచోటికి పోయేవాడు. అక్కడెవడైనా చన్నీళ్ళు కొడితే మొత్తం పోయేది. ఇప్పుడిక స్పాంజి చీల్చినా పోదు." కొంగు ముడి విప్పి చూపించింది. కాగితంలో చుట్టిన రెండు వెంట్రుకలు, మూడు గాజుముక్కలు. "నడు, స్టేషన్‌కి."

నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. అన్ని తిట్లు తిట్టిన నోటిని ఏం చేసుకోను?

స్టేషన్లో ఎస్సై మేడం మా మాట మొత్తం విని, మధ్యాహ్నానికల్లా ఇద్దరు కానిస్టేబుళ్ళని నూనెమిల్లుకి పంపించింది. వాళ్ళు కారు పట్టుకున్నారు. మనిషి మాత్రం వెనక గోడ దూకి, ఎవరిదో బండి మీద పరారయ్యాడు. పారిపోయి ఎక్కడికి వెళ్ళాడు? తిన్నగా మా దగ్గరికే.

నాలుగు గంటలవుతోంది. మరియమ్మక్క ఎవరి కారో తుడుస్తోంది. వాడు ఎడమవైపు నుంచి వచ్చాడు. నేను అరిచాను, నా కొట్టూ అటువైపే, ఆవిడకి వినబడలేదు. జుట్టు పట్టుకుని వెనక్కి గుంజి, ఆ కారు తలుపుకేసి మొహం కొట్టాడు. "ఏవే, నన్నే పట్టిస్తావా?" అని మళ్ళీ కొట్టాడు. పళ్ళు విరిగిన చప్పుడు నా కొట్టులోకి వినబడింది. ఆవిడ కింద పడితే బూటుకాలుతో డొక్కలో తన్నడం మొదలెట్టాడు. నేను గుడ్డలు కొలిచే ఇనపగజం తీసుకుని పరిగెత్తి వాడి వీపు మీద, మెడ మీద, దొరికినచోటల్లా బాదాను. వాడు తిరిగి నా పీక పట్టుకున్నాడు. కళ్ళు చీకట్లు కమ్మాయి. ఇంక అయిపోయాను అనుకున్నాను.

అప్పుడు వాడు కెవ్వున అరిచాడు. మరియమ్మక్క నేలమీద పడుకునే ఆవిరి గొట్టం అందుకుని వాడి చేతి మీదికి తిప్పింది. నోటినిండా రక్తంతో, రెండుచేతులా గొట్టం పట్టుకుని, వాడు నన్ను వదిలేదాకా వదల్లేదు. వాడు చెయ్యి పట్టుకుని గిలగిల్లాడుతుంటే వీరబాబూ, టీకొట్టువాళ్ళూ మీదపడి తాళ్ళతో కట్టేశారు. నిజం చెబుతున్నాను, కట్టేశాక కూడా నేను రెండు వేశాను. మేడం జీపు దిగుతూ చూసి కూడా ఏమీ అనలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. బుధవారం జ్యోతిర్మయికి తెలివొచ్చిందంటే ఆసుపత్రికి వెళ్ళాం. మరియమ్మక్క పై పెదవికి ఏడు కుట్లు, ముందుపళ్ళు రెండు లేవు. వార్డు బయట మేడం తల పట్టుకుని కూర్చుంది.

"ఎన్నిసార్లడిగినా జారిపడ్డాననే అంటోందండి. ఆవిడే అలాగంటే ఆ రక్తం ముక్కులోంచి కారిందంటారు వాళ్ళ లాయరు. మీ కేసులో బెయిలు తెచ్చుకుని ఆయన బయటికొచ్చేస్తాడు. ఈవిడ మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి."

లోపలికి వెళ్ళాం, వెనకాలే మేడం. తలనిండా కట్టు, ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. కాళ్ళ దగ్గర వాళ్ళమ్మ అచ్చాయమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. నన్ను చూసి ఆ పిల్ల తల తిప్పేసుకుంది. మరియమ్మక్క మంచం అవతలికి వెళ్ళి, సరిగ్గా ఆ మొహం ఎదురుగా వంగింది.

జ్యోతిర్మయి ఒంటికన్నుతో చూసి ఉలిక్కిపడింది. "అయ్యో, మీకేమైందండీ?"

"మీ ఆయనండి" అంది అక్క. కుట్ల వల్ల మాట ముద్దగా వచ్చింది. "జుట్టు పట్టుకుని కారు తలుపుకేసి కొట్టేరు."

ఆ పిల్ల దుప్పటి అంచు గుప్పిట్లోకి లాక్కుంది.

"నోటికి కుట్లు పడ్డాయి కదాని నా వాంగ్మూలం ఇవాళ రాసుకుంటామన్నారండి. ఏం చెప్పమంటారో మీరే చెప్పండమ్మా. నేనూ జారిపడ్డాననే రాయించెయ్యనా?"

ఆ పిల్ల చెయ్యెత్తి మరియమ్మక్క పెదవి మీది కుట్ల దగ్గరికి తీసుకెళ్ళింది, తాకడానికి భయపడి ఆగిపోయింది. చూస్తుండగానే ఆ మూసుకుపోయిన కంట్లోంచి కూడా నీళ్ళు కారాయి.

"వద్దండీ" అంది. తర్వాత మేడం వైపు తిరిగి, "రాసుకోండి" అంది.

ఆదివారం సాయంత్రం సంగతితో మొదలెట్టలేదు. పెళ్ళైన మూడోనెలలో, చొక్కా మడత సరిగ్గా రాలేదని ఇస్త్రీపెట్టె వీపుకి ఆనించిన రోజు దగ్గర మొదలెట్టింది. ఆగకుండా, తడుముకోకుండా, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. అచ్చాయమ్మగారు వింటూ వింటూ నేలమీదికి జారిపోయారు. మరియమ్మక్క మంచం అంచున కూర్చుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. మేడం రాస్తూనే ఉంది. కాసేపటికి తలెత్తకుండానే, "సత్యవేణిగారూ, కాగితాలైపోయాయి. కింద కొట్లో ఇంకొన్ని పట్టుకురండి" అంది.

నేను మెట్లు రెండేసి చొప్పున దిగాను.