అవుటైన వాళ్లు బెంచీ మీద కూర్చోవాలి

మా ఆవిడ బిందుమాధవి అమెరికాలో చాండ్లర్ అనే ఊళ్లోని ఓ చిన్న కాలేజీలో ఆడపిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టుకి మొట్టమొదటి కోచ్. పెళ్లికి ముందు గుంటూరు జిల్లా తరఫున చెడుగుడు ఆడింది. ఇక్కడికొచ్చాక ఆ కాలేజీ జిమ్‌లో తువ్వాళ్లిచ్చే ఉద్యోగంలో చేరింది. కొత్త జట్టుకి కోచ్ దొరక్క వాళ్లు తలలు పట్టుకుంటే తనే చేయెత్తింది.

"ఆ ఆట ఒక్కసారైనా చూశావా?" అన్నాను.

"బంతి పట్టుకున్న పిల్ల నడుముకి రిబ్బన్ వేలాడుతుందట. అది లాగాలట. కాళ్లు పట్టి పడేసినదాన్ని, రిబ్బన్ లాగించలేనా?"

ప్రాక్టీసంతా చెడుగుడు పద్ధతే. రిబ్బన్ పోయిన పిల్ల అవుట్, వెళ్లి బెంచీ మీద కూర్చోవాలి. తన జట్టువాళ్లు అవతలివాళ్లలో ఒకరిని పట్టుకుంటేనే మళ్లీ లోపలికి. అరిజోనా ఎండకి ఆ రేకు బెంచీ పెనంలా కాలేది. దాని భయానికి పిల్లలు ఎవరి చేతికీ చిక్కకుండా తప్పించుకోవడం నేర్చేశారు.

మొదటి మ్యాచ్‌లో కొంప మునిగింది. రిబ్బన్ పోయిన ప్రతి పిల్లా బుద్ధిగా వెళ్లి బెంచీ ఎక్కింది. మైదానంలో సగం మందే మిగిలారు.

"కోచ్ ఆంటీ, రియల్ గేమ్‌లో ఎవరూ అవుట్ అవ్వరు. నెక్స్ట్ ప్లే ఆడతారు, అంతే," అంది జట్టులో తెలుగమ్మాయి వేద.

"నా పరువు గంగలో కలిసిందండీ," అంటూ మా ఆవిడ ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. నాకు నవ్వాగలేదు, జాలీ వేసింది. మ్యాచ్‌లో పద్ధతి మార్చింది కానీ ప్రాక్టీసులో మాత్రం మార్చనంది. ఓడిన ప్రతిసారీ తనూ అవుటేనంటూ ఆ బెంచీ మీదే కూర్చునేది, మైదానంలో అడుగు పెట్టేది కాదు.

ఒక్కటైనా గెలవకపోతే జట్టు ఎత్తేస్తామని కాలేజీవాళ్లు ముందే చెప్పారు. చివరి మ్యాచ్ దాకా ఓడుతూనే వచ్చారు. ఆ రోజు మాత్రం మనవాళ్లని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. కొద్దిలో ముందున్నాం. ఆఖరి క్షణాల్లో అవతలి పిల్ల బంతితో మన గోల్ గీతవైపు దూసుకొస్తోంది. వేద ఒక్క దూకు దూకి రిబ్బన్ లాగేసింది. మ్యాచ్ ముగిసినట్టు విజిల్ మోగింది.

బెంచీ మీది పిల్లలంతా అలవాటు కొద్దీ "నేను ఇన్!" అని అరుస్తూ లోపలికి పరిగెత్తారు. మా ఆవిడ ఒక్కతే బెంచీ మీద కళ్లు తుడుచుకుంటూ ఉండిపోయింది. వేద వెనక్కొచ్చి చేయి పట్టుకుని లాగింది.

"ఆంటీ, ఒకళ్లని పట్టుకున్నాం కదా! లోపలికి రండి. యువర్ రూల్!"