పట్టిక మార్చిన డాక్టరమ్మ

ఈ ఉదయం జహీరాబాద్‌లోని కంటి దవాఖానలో, శస్త్రచికిత్సకు జడిసి, ఒక చిన్న మోసం చేశాను. నా ముందున్నవారు చదివిన అక్షరాలను విని ధారణ చేసి, నా వంతు రాగానే కనబడని పట్టికను తడుముకోకుండా అప్పజెప్పాను.

పరీక్షిస్తున్న డాక్టరమ్మ సునీత నా పూర్వ శిష్యురాలు. నవ్వుతూ పట్టిక మార్చింది.

"మీ యాది సంగతి నాకెరుక లేదా సార్? గిప్పుడు చదువున్రి."

ఒక్క అక్షరమూ పలకలేకపోయాను.

"కంట్ల లెన్స్ మసకబారింది సార్, శుక్లం. ఎనుక తెర మంచిగనే ఉన్నది. ఆపరేషన్ అయినంక మల్ల పుస్తకం చూసి చదువుతరు, ఫికర్ చెయ్యకున్రి."

ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. నేను దిద్దిన విద్యార్థిని నేడు నన్నే దిద్దింది. గర్వంతో గుండె నిండింది. శిష్యుల పరీక్షలో ఇంత సంతోషంగా తప్పినవారు మీలో ఎవరైనా ఉన్నారా?